పది అడుగుల దూరం

గేటు బయట హారన్ మోగేసరికి చెన్నయ్య చేతిలోని గుడ్డ జారిపోయింది. ఐదింటికి రావలసిన సార్ రెండింటికే వచ్చేశాడు. హాల్లో బల్ల మీద ఒరలోంచి తీసిన జపాను కత్తి అలాగే ఉంది. దాని పొడవునా పసుపు, మూడుచోట్ల కుంకుమ బొట్లు, పక్కన నిమ్మచెక్క. ఒక కొసన పసుపు తుడిచి చూస్తే, అద్దంలాంటి ఉక్కు మీద గోధుమరంగు మచ్చ తేలింది.

ముందు డ్రైవర్ ఖాదర్‌వలి లోపలికి వచ్చాడు. కడప మనిషి. బల్ల వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏం పని చేసినావప్పా ఇది?”

“దసరా గదా ఖాదర్ భాయ్. పొద్దుగాల నీ కారుకు బొట్టుపెట్టిన, కూరలు కోసే కత్తికి పెట్టిన, గ్యాస్ పొయ్యికి పెట్టిన. ఇంట్ల అసలైన ఆయుధం ఇదొక్కటే. దీన్నెట్ల ఇడిసిపెట్టాలె?”

“కారైతే కడుక్కుంటా. దీన్ని తుడిచేటప్పుడు సారు నోట్లో కాగితం పెట్టుకుంటాడు కదప్పా, ఊపిరి తగిలినా తుప్పు పడుతుందని. నువ్వు నిమ్మకాయతో రుద్ది, నీళ్లు కలిపి పసుపు పూస్తివి. పూస్తే పూస్తివి, ఒరకు పూసి ఊరుకుంటే పోయేది కదా.”

“మొక్కేది కత్తికి గని ఒరకా?”

చెన్నయ్యది జగిత్యాల దగ్గర పల్లె. తొంభైలో మస్కట్ వచ్చి ఏడాదిపాటు సైట్‌లో ఇటుకలు మోశాడు. నడుము పట్టేసి కంపెనీ తిప్పి పంపేయబోతుంటే, ఇంజనీరు కితామురా సార్ అడ్డుపడి బౌషర్‌లోని తన ఇంట్లో వంటకు పెట్టుకున్నాడు. ఈ కొలువు పోతే మళ్లీ సైట్‌ కూడా ఉండదు, నేరుగా విమానమే. ఊళ్లో కూతురు వాణి నర్సు చదువు సగంలో ఉంది. తండ్రి తిరిగొచ్చిన రోజే ఆ చదువు ఆగిపోతుంది.

కొత్తలోనే సార్ ఆ కత్తి కథ చెప్పాడు. సార్ మాట సగం ఇంగ్లీషు, సగం సైట్ హిందీ. అది చెన్నయ్యకు అంతంతమాత్రంగా అర్థమవుతుంది కాబట్టి ఖాదర్‌వలి తెలుగులో వినిపించాడు. నాలుగు వందల ఏళ్ల కిందట జపానులో ఒక యుద్ధం. ఒకవైపు కర్రల దడి వెనక వందల తుపాకులు. ఎదురుగా కత్తులు దూసిన సమురాయ్‌లు. వరుస వెనక వరుస కూలిపోతున్నా, ఈ కత్తి పట్టిన మనిషి ఆగలేదు. ఎడమకాలి గడ్డిచెప్పు తెగిపోయింది. చెమట కళ్లలోకి కారుతున్నా రెప్ప వేయలేదు. దడికి పది అడుగుల దూరం దాకా వచ్చాడు. అక్కడికి వచ్చేసరికి సార్ కథ ఆపేసి లేచి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి చెన్నయ్యకు సార్ అంటే మరీ గౌరవం. అంత వీరుడి వంశం మరి. సార్ రోజూ డ్యూటీకి వెళ్లేముందు కత్తి ముందు తల వంచేవాడు. ఒట్టి చేత్తో దాని పిడి ఎన్నడూ ముట్టేవాడు కాదు, గుడ్డ చుట్టి ఎత్తేవాడు. పోయిన ఏడాది ఖురియాత్‌లో సార్ వెంట ఒక పెళ్లికి వెళ్తే, అక్కడి ముసలివాళ్లు సంబరంగా ఒత్తి అంటించి కాల్చే పాతకాలపు తుపాకులు ఆకాశంలోకి పేల్చారు. సార్ ముఖం పాలిపోయింది, తిండి కూడా తినకుండా కారెక్కి కూర్చున్నాడు. వంశం పెద్దను చంపిన చప్పుడు సార్ ఎలా ఓర్చుకుంటాడని చెన్నయ్య కూడా ఆ పూట తినలేదు.

“ఏసీలోంచి నీళ్లు కారినాయని చెప్పు,” అన్నాడు ఖాదర్‌వలి గొంతు తగ్గించి.

“బొట్లు గూడ ఏసీలకెల్లే కారినయా?”

సార్ బూట్లు విప్పి లోపలికి వచ్చాడు. బల్ల చూశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఆ మచ్చ మీదికి వంగాడు.

“ఎవరు?”

“నేనే సార్.”

“ఎందుకు?”

చెన్నయ్య చేతులు కట్టుకున్నాడు. “ఏడాదంత ఆయుధంతోని పని జేసుకుంటం సార్. ఈ ఒక్కనాడు బొట్టుపెట్టి మొక్కుతం. దాంతోని తెలిసో తెలువకో తప్పు జరిగితే మాఫ్ చెయ్యమంటం.”

ఖాదర్‌వలి హిందీలో చెప్పాడు. మాఫ్ అన్న మాట దగ్గర సార్ తలెత్తాడు.

“ప్రాణం తీసిన ఆయుధానికి కూడా మొక్కుతారా?”

“దానికే ఎక్కువ మొక్కాలె సార్.”

“తమది కానిదానికి?”

“కారు నాది గాదు, దానికి పెట్టలేదా?” అంటూనే చెన్నయ్య కూలబడిపోయాడు. “మీ పెద్దల కత్తి ఖరాబు చేసిన సార్. నన్ను ఇంటికి తోలకుండ్రి. బిడ్డ సదువు ఆగుతది.”

సార్ కుంకుమ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. కుడి చూపుడువేలు ముంచి, పిడికి ఆనుకుని నాలుగో బొట్టు పెట్టాడు. నుదురు నేలకు తాకేలా వంగి, చాలాసేపటికి లేచాడు.

“మాఫ్,” అన్నాడు.

చెన్నయ్యకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. “మాఫ్ చేసిండా భాయ్? నా కొలువు ఉన్నట్టేనా?”

“నీ కొలువుకేం కాదులే. ఆయన మాఫీ అడిగింది కత్తినప్పా.”

“వాళ్ల పెద్దల కత్తేనాయె. మాఫీ అడుగుడెందుకు?”

ఖాదర్‌వలి ఆ మాట సార్‌ని అడిగాడు. సార్ వేలికి అంటిన కుంకుమ చూసుకుంటూ మెల్లగా ఏదో చెప్పాడు. ఖాదర్‌వలి కత్తి వైపు చూస్తూ దాన్ని తెలుగులో చెప్పాడు.

“ఆ పొద్దు దడి వెనక వాళ్ల వంశం పెద్ద చేతిలో ఉండింది తుపాకి అంట.”