లూయీజవ్వ గుంత

ఫ్రాన్సు నుంచి పాండిచ్చేరిలో ఓడ దిగి, గార్లదిన్నె దగ్గరి పల్లెలో నేతగాణ్ణి కట్టుకున్న ముత్తవ్వ లూయీజ్. ఆమె సమాధి వెతుక్కుంటూ వచ్చిన మునిమనవరాలు హేమావతికి ఆ పల్లె కాటిలోనే పొద్దుగూకింది. కాటికాపరి కదిరప్ప టార్చి వేసి, రాళ్ల మధ్య ఒక ఖాళీ గుంత చూపించాడు.

"ఈడ్నే పూడ్చినారమ్మా. ఆ యేడు చుక్క వాన ల్యా. బొల్లి పీనుగను పూడిస్తే మబ్బు విరిగిపోతాదని తవ్వి కాల్చేసినారు. అప్పుడు గానీ వాన పడల్యా."

"ఆయమ్మకు బొల్లి యాడిది తాతా? తెల్లోళ్ల బిడ్డ, పుట్టుకతోనే అంత తెలుపు!"

"మావోళ్లకేం ఎరుక?"

హేమావతి గుంతలోకి తొంగి చూసింది. చేసిన పాపానికి ఒక్కడూ ఏడ్చినట్టు లేదు. వెనక చీకట్లో ఎవరో కట్టెలు పేరుస్తున్నారు. టకటకమని ఒకటే చప్పుడు.

"ఇప్పుడెవరు పోయినారు తాతా?"

"ఎవురూ పోల్యా."

టార్చి వెలుగు మెల్లగా జరిగి, ఆమె మణికట్టు మీది తెల్లమచ్చ దగ్గర ఆగింది.

"ఈ యేడు గూడా వాన ల్యామ్మా," అన్నాడు కదిరప్ప.

కట్టెల చప్పుడు ఆగిపోయింది.