ఐసు పెట్టె దొంగ

మధ్యాహ్నం భోజనాల వేళ ట్రస్టు మెంబర్లందరి ఫోన్లకూ ఒకటే వాయిస్ మెసేజ్ వచ్చింది. గొంతు సెక్రటరీ మగ్దలీనమ్మది.

"ఐసు పెట్టె షెడ్డులో లేదు. తాళం పగల్లేదు. ఇంటి దొంగ పనే. సాయంత్రం మీటింగుంది. రానోళ్ల మీదనే అనుమానం పడుతుంది. ఇంక మీ ఇష్టం."

గిద్దలూరులో ఆ పెట్టె తెలియనివాళ్లు లేరు. ఎవరైనా పోతే, దూరానున్న బిడ్డలు వచ్చేదాకా శవాన్ని చల్లగా ఉంచే పెట్టె. అద్దె లేదు, ఊరికే ఇస్తారు. మగ్దలీనమ్మ రిటైరైన నర్సు. ఒక మే నెలలో ఆమె అన్న చనిపోతే, కొడుకులు వచ్చేదాకా ఐసు గడ్డలు మోసి మోసి ఏడవడానికి కూడా ఆమెకు తీరిక లేకపోయింది. ఆ తర్వాతే ఒక దాతను పట్టుకుని పెట్టె తెప్పించింది. ట్రస్టు పెట్టి ఊళ్లో పెద్దమనుషుల్ని మెంబర్లను చేసింది.

మెంబర్లను చేయడం వరకే ఆమె వల్ల అయింది. మీటింగుకు రప్పించడం కాలేదు. రిబ్బను కోసిన రోజు ఫోటోకు నిలబడ్డవాళ్లు మళ్లీ పెట్టె దిక్కు చూడలేదు. చూస్తే తమకే పిలుపొస్తుందని భయం.

దాత ముందే ఒక షరతు పెట్టాడు. చాలినంతమంది రాక వరసగా మూడు మీటింగులు ఆగిపోతే, పెట్టెను కనిగిరి వాళ్లకు ఇచ్చేయాలి. అప్పటికి రెండు ఆగిపోయాయి. ఇది మూడోది.

ఆ సాయంత్రం ఒక్కరు తప్పలేదు. జ్వరంతో ఉన్నవాళ్లు కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చారు. గదిలో కుర్చీలు చాలలేదు.

"షెడ్డు తీసి చూపించమంటారా?" అంది మగ్దలీనమ్మ.

"నువ్వు చూసినావు గదా సిస్టరమ్మా, చాల్లే," అన్నాడు ప్రెసిడెంటు ప్రకాశరావు. ఒక్కరూ లేవలేదు.

సుబ్బులమ్మ ముందుకు జరిగి, మధ్యనున్న బల్ల మీది పూల దుప్పటిపై మోచేతులు ఆన్చింది. "ఈ బల్ల ఎప్పుడు కొన్నారు?"

"నువ్వు మీటింగుకొచ్చి ఏడాదాయె పిన్నమ్మా. వచ్చింటే తెలిసేది," అన్నాడు రఫీ. అతనిది బస్టాండు పక్కన సోడాల దుకాణం.

సుబ్బులమ్మ అతని మీదికి తిరిగింది. "నాకు బల్ల సంగతి తెలీకపోతే ఏమాయలే గానీ, నీకు పెట్టె సంగతి బాగా తెల్సినట్టుందే. చూస్తే ఎండాకాలం. చల్లటి సోడాల దుకాణం. నీకు గాక ఇంకెవురికి కావాల అది?"

"యా అల్లా! దాంట్లో పెట్టిన సోడా నువ్వు తాగుతావా పిన్నమ్మా?"

"ఊరికే ఇస్తే తాగుతాది," అన్నాడు ప్రకాశరావు.

అందరూ నవ్వారు. ఇంతలో టీ వచ్చింది. ఒక గుక్క తాగి ప్రకాశరావు గొంతు సవరించుకున్నాడు.

"పోలీసులకు చెబుదాం."

"చెబుదాం సారూ," అంది మగ్దలీనమ్మ. "తాళంచెవి ఎవరి దగ్గరుండెనని ముందు అదే అడుగుతారు."

"నాకెందుకమ్మా ఆ తాళంచెవి? ఎప్పుడో రఫీకిచ్చినా," అన్నాడు ప్రకాశరావు.

"ఇంట్లో పెడితే మా అమ్మ ఊరుకోలా. వెంకటకృష్ణన్నకిచ్చినా."

ట్రెజరరు వెంకటకృష్ణ నేల చూపులు చూశాడు. "ఆ పొద్దే సిస్టరమ్మ గుమ్మానికి తగిలిచ్చి వచ్చినా. తలుపు కొట్టలేదు."

"ఇట్లుంటే పోదా మరి!" ప్రకాశరావు బల్ల గుద్దాడు. గ్లాసుల్లో టీ తొణికింది. "నెలకొకరం. తాళంచెవి, ట్రస్టు ఫోను వాళ్ల దగ్గరనే. ఏ వేళప్పుడు మోగినా ఎత్తాల. చెప్పాపెట్టకుండా రెండు మీటింగులు ఎగ్గొట్టినోళ్లు ఇంటికే. ఈ నెల నాది."

"నా వల్ల కాదు. ఎవరినన్నా చూసుకోండి," అన్నాడు వెంకటకృష్ణ. అంతవరకు అతను ట్రస్టుకు చేసిన మేలు అదొక్కటే. అతని చోటుకు మందుల షాపు స్వర్ణలతను అడగాలని అప్పటికప్పుడే తేల్చారు. మగ్దలీనమ్మ అంతా రాసింది. అందరూ వంగి అక్కడే సంతకాలు పెట్టారు. ఆమె తాళంచెవినీ ఫోనునూ ప్రకాశరావు ముందు పెట్టింది.

పెట్టిన కాసేపటికే ఫోను మోగింది. ప్రకాశరావు ఉలిక్కిపడ్డాడు. అందరూ తననే చూస్తుంటే ఎత్తక తప్పలేదు.

"సారూ, అర్ధవీడు నుంచి. మా నాయన పోయినాడు. తమ్ముడు బెంగుళూరులో పనికి పోయినాడు, ఇప్పుడే బయల్దేరినాడు. వాడొచ్చేదాకా పెట్టె ఇస్తారంట గదా?"

అట్లాంటి గొంతు వినడం ప్రకాశరావుకు అదే మొదలు. ఇన్నాళ్లూ అవన్నీ మగ్దలీనమ్మే విన్నది. అతను ఫోను చేత్తో మూసి ఆమె వైపు చూశాడు.

"ఏం చెప్పాలమ్మా? ఈ ఎండలో ఆ పెద్దాయన్ని రేపటిదాకా ఎట్ల పెట్టుకుంటారు?"

సుబ్బులమ్మ పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏ పాపిష్టోడు ఎత్తకపోయినాడో గానీ..."

"ఆ పెట్టె దొరకనీ," అన్నాడు ప్రకాశరావు, "అమ్మతోడు, నేనే ముట్టుకుని బండెక్కిస్తా."

మగ్దలీనమ్మ లేచి కళ్లజోడు తీసి సంచిలో పెట్టుకుంది.

"పంపిస్తామని చెప్పండి సారూ. మిగతావాళ్లు మీ టీ గ్లాసులు ఎత్తుకోండి నాయనా, ఆ దుప్పటి తీసి పెట్టెను బండెక్కిద్దాం."