తెల్ల రేడియేటరు

"నీళ్ళు కారింది ఆ జాయింటు దగ్గరే మేడమ్. ఇంకా చూడ్డానికేముంది?" అన్నాడు స్టూడియో యజమాని.

మరమ్మతుకు వచ్చినావిడ ముందుకు వంగింది. నెరిసిన జుట్టును బిగించి ముడివేసుకుని, బల్ల మీద పడుకోబెట్టిన కంప్యూటరు పొట్టలోకి టార్చి వేసి చూస్తోంది.

ఆ కంప్యూటరు మీదే స్టూడియో బతుకు. పిల్లల బొమ్మల సినిమాలు దాని మీదే తయారవుతాయి. పని ఎక్కువై అది పెనంలా కాలిపోతుంటే, ఫ్యాన్లు చాలక, నీళ్ళతో చల్లబరిచే ఏర్పాటు చేయించాడు యజమాని. పంపు నీళ్ళను తోస్తుంది. అవి ప్రాసెసరు మీది రాగి దిమ్మలో వేడిని పుచ్చుకుని, రేడియేటరులో చల్లారి వెనక్కి వస్తాయి. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకరోజు నీళ్ళు కారి గ్రాఫిక్స్ కార్డు మాడిపోయింది. ఆ నీళ్ళ ఏర్పాటు బిగించిన మెకానిక్‌ను యజమాని ఆ రోజే పంపించేశాడు.

"మీ అంతట మీరే ఫోన్ చేసి ఈ పని అడిగారు. ఆ మెకానిక్ మీకేమైనా బంధువా?"

"కాదు. మొహం కూడా చూడలేదు. ఇప్పుడేం చేస్తున్నాడు?"

"ఏదో గోదాములో పెట్టెలు మోస్తున్నాడట. నేను విడిభాగాలు కొన్న దుకాణానికి ఆ జాయింటు ఫొటో పంపాను మేడమ్. ఈ దుకాణాలవాళ్ళందరికీ సలహా చెప్పే పెద్ద నిపుణులెవరో ఒకరు ఉన్నారట, వారి మాటకు తిరుగులేదట. ఫొటో చూసి, 'బిగింపు చేతకానివాడు, పని ఇవ్వొద్దు' అన్నారట. అంతే, ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు."

"అతణ్ణి పిలిచి అడిగారా?"

"ఫొటోలో కనబడుతూనే ఉంటే అడగడమెందుకు?"

ఆవిడ చేతిలోని స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది. తరువాత జాయింటు విప్పి, లోపలి రబ్బరు రింగును వేలితో తడిమింది. "ఇది చెక్కుచెదరలేదు. బిగింపులో లోపం లేదు."

ఆవిడ పై భాగంలో ఉన్న తెల్లటి రేడియేటరును ఊడదీసి, చాకుమొనతో రంగు గీకింది. కింద రాగి ఎరుపు లేదు, వెండి తెలుపు తేలింది. మూత విప్పి వంచితే తెల్లటి పొడి రాలింది.

"ఇది అతను పెట్టిందేనా?"

"ఆ... అతనే మేడమ్."

సరిగ్గా అప్పుడే కాఫీ కప్పులతో వచ్చిన యజమాని బావమరిది మొహం విప్పారింది. "అదేంటి బావా! అది నేను పెట్టింది కదా! ఆ నల్లది చూడ్డానికి బొగ్గుల కుంపటిలా ఉందని నువ్వే అంటివి. వీడియో చూసుకుంటూ నా చేతుల్తో మార్చాను మేడమ్!"

"నువ్వు కాసేపు నోరు మూస్తావట్రా!" అన్నాడు యజమాని పళ్ళ బిగువున.

"మూయనక్కర్లేదు. కూర్చో బాబూ," అంది ఆవిడ. "ఇది అల్యూమినియం. రాగితో కలిపి ఒకే నీళ్ళలో పెడితే మెల్లమెల్లగా తినుకుపోతుంది. ఇదిగో చిల్లి. ఇక్కడ కారిన నీళ్ళు గొట్టం వెంట జారి కింద జాయింటు దగ్గర చేరాయి. ఫొటో తీసింది నీళ్ళు చేరిన చోటును, కారిన చోటును కాదు."

బావమరిది కప్పులు బల్ల మీద పెట్టేశాడు.

"కొత్త రాగి రేడియేటరు తెచ్చాను. కానీ మీరు దుకాణానికి ఫోన్ చేసి జరిగింది చెప్పేదాకా ఇందులో నీళ్ళు పోయను."

"మేడమ్, వారాంతానికి సినిమా ఇవ్వాలి! తన తమ్ముణ్ణి నలుగురిలో నిలబెట్టానని తెలిస్తే మా ఆవిడ నన్ను గడప తొక్కనిస్తుందా? అతనా, ఎలాగూ వేరే పని చూసుకున్నాడు..."

"పని చూసుకున్నాడా? పెట్టెలు మోస్తున్నాడన్నారుగా."

"ఇంకొకరిని పిలిపించుకుంటాను."

"పిలిపించుకోండి. వాళ్ళకూ ఇదే చిల్లి కనబడుతుంది." ఆవిడ పనిముట్లు సంచిలో సర్దుకోసాగింది.

"బావా, ఫోన్ చెయ్యి," అన్నాడు బావమరిది నేల చూపులు చూస్తూ. "అక్కతో నేను చెప్పుకుంటాను. తిడితే నన్నే తిట్టనీ. ఆ మెకానిక్ నాతో ఎంత నెమ్మదిగా మాట్లాడేవాడో!"

యజమాని ఫోన్ తీశాడు. చివరికి దుకాణానికి చేశాడు. బావమరిది పేరూ తన అబద్ధమూ రెండూ చెప్పాడు. చెప్పాక ఎందుకో గుండెల మీది బరువు దిగినట్టయింది.

ఆవిడ మళ్ళీ పనిలోకి దిగింది. రాగి రేడియేటరు అమర్చి, గొట్టాలు బిగించి, నీళ్ళు పోసి, ప్రతి జాయింటు కిందా మెత్తటి కాగితం పరిచింది. కంప్యూటరుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రం తిప్పింది. బుడగలు ఒక్కొక్కటే తేలి మాయమయ్యాయి. పొద్దు వాలేదాకా కాగితాలు పొడిగానే ఉన్నాయి. అప్పుడు మీట నొక్కితే, కంప్యూటరు చప్పుడు లేకుండా మేలుకొంది.

"ఆ మెకానిక్ ఇల్లు తెలుసా?" అని అడిగింది.

"తెలుసు మేడమ్."

"పదండి. ఫోన్‌లో దుకాణానికి చెప్పారు. అతనికి ఎదురుగా చెప్పాలి."

తలుపు తీసిన మనిషి ఇంకా గోదాము దుస్తుల్లోనే ఉన్నాడు. యజమానిని చూసి మొహం బిగుసుకుంది. యజమాని తలవంచుకుని, "తప్పు నీది కాదయ్యా, మాదే. దుకాణంవాళ్ళకు చెప్పేశాను," అన్నాడు. ఆవిడ చిల్లిపడ్డ రేడియేటరును ఆ మెకానిక్ చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయాడు.

"రాగిదే ఉంచమని చెప్పానండీ. ఎవరూ నన్నొక మాట అడగలేదు. ఇంత కష్టపడి నిజం తేల్చారు, మీరెవరమ్మా?"

ఆవిడ చేతులు జోడించింది.

"ఫొటో చూసి నీకు పని ఇవ్వొద్దన్నది నేనే."