తిట్ల పొద్దు

పరీక్ష రోజు తెల్లవారగానే ఉమాపతి భార్య విశాలిని తిట్టడం మొదలుపెట్టాడు. ఆ వీధిలో అదేం కొత్త కాదు. క్యాన్సర్ మందు ప్రాణం నిలిపి, చెవులు తినేసిన విశాలి లాంటి వాళ్ళందరికీ ప్రభుత్వం వినికిడి పూస పెట్టించింది. ఏడాదికోసారి ఆ పూసే మనసును తూచి చూస్తుంది. మనిషి సుఖంగానే ఉన్నట్టు తేలిందా, ఇక నా అవసరం లేదని శాశ్వతంగా మూగబోతుంది. అందుకే ఆ పొద్దున ఇంటిల్లిపాదీ కూడి తిట్టిపోయడం, గండం గడిచాక పాయసం వండుకోవడం ఆనవాయితీ అయిపోయింది.

విశాలికేమో దిగులే రావడం లేదు. తాను వేసిన పోపులో ఆవాలు చిటపటమంటుంటే వినిపించి, ముఖం విప్పారుతోంది.

"నీ వంట కుక్కలు కూడా ముట్టవు," అన్నాడు ఉమాపతి. గొంతు వణికింది. ఆమె కిసుక్కున నవ్వింది.

"నవ్వకే తల్లీ, పూస పోద్ది!" గుమ్మంలోంచి పక్కింటి కనకం పిన్ని మొత్తుకుంది. "ఏందయ్యా ఆ తిట్టు? గట్టిగా అను!"

ఉమాపతి భార్య వైపు తిరిగాడు.

"ఆసుపత్రిలోనే పోయుంటే బాగుండేది. నాకీ చాకిరీ తప్పేది."

విశాలి చెవిలో పూస టింగుమంది. ఇంకో ఏడాదికి ఢోకా లేదు. కనకం పిన్ని చప్పట్లు కొట్టింది. ఉమాపతి పాలు పొయ్యిమీద పెట్టి, "ఎలా చేశాను?" అని నవ్వాడు.

"బాగా చేశారండీ," అంది విశాలి.

పూస మంచిది. దేన్నీ వదలదు. ఆ ఆసుపత్రి మాటకు మాత్రం ఆయన గొంతు వణకలేదని కూడా వినిపించింది.