సామాన్ల అర్రకు కంత

“కంత పెట్టకురా కురుమూర్తీ! వాన జల్లుకు పల్లికాయ తడుస్తది,” అంటూ జోగులమ్మ కొడుకు చేతిలోని సుత్తె పట్టుకుంది.

“గాలాడకుంటే చెమ్మకు బూజు పడ్తదే అమ్మా! విత్తనాలకు పెట్టుకున్నయి.”

సామాన్ల అర్ర గోడకు కంత పడింది. జోగులమ్మ మూతి ముడుచుకుంది.

సాయంత్రం వాకిలి ఊడుస్తున్న కోడలు నవనీత కేక పెట్టింది.

“ఏమయ్యో! కంతల నుంచి పొగ! పల్లికాయ అంటుకుంది!”

కురుమూర్తి బిందె ఎత్తుకుని పరుగెత్తాడు. తలుపు తన్ని, చీకట్లోకి నీళ్లన్నీ గుమ్మరించాడు.

చుట్ట మానేశానని శివరాత్రికి ఒట్టేసిన జోగులమ్మ మూటల మధ్య నిలువెల్లా తడిసి కూర్చుంది. వేళ్ల మధ్య చుట్ట చుయ్యిమంది.

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

“చెప్పలేదారా,” అంది జోగులమ్మ ముఖం తుడుచుకుంటూ, “కంత పెడితే పల్లికాయ తడుస్తదని!”