యాభై రూపాయల కేక

నాను ఫుడ్ డెలివరీ సేత్తాను. పాతపట్నంలో ఆమినాబీగారని ఒకావిడ ఒక్కర్తే ఉంటాది. ఆవిడ ఆర్డర్ కింద ఎప్పుడూ ఇదే రాసుంటాది: "బెల్ పనిచెయ్యదు. పేరు పెట్టి పిలవండి."

మూడో అంతస్తెక్కి "ఆమినాబీగారూ!" అని కేకేత్తాను. ఇడ్లీ పొట్లం అందుకుని యాభై సేతిలో పెడతాది.

"అందరూ పదో ఇరవయ్యో ఇత్తారు. యాభై ఏటమ్మా?"

"గొంతు చించుకుని పిలుస్తావు కదా బేటా."

నిన్న వాన. గుమ్మం ముందు తడికి కాలు జారి గోడ పట్టుకోబోతే, సెయ్యి బెల్ మీద పడింది. లోపల గట్టిగా మోగింది!

అడుగుల సప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు మాత్రం తియ్యలేదు.

బెల్ మీంచి సెయ్యి తీసేసి, ఎప్పట్లాగే కేకేసాను.

"ఆమినాబీగారూ!"

"వస్తన్నా..." అంది, తలుపు వెనకాలే నిలబడి.