సరా, బేసా?

"డెబ్బై తొమ్మిది జతలు," అంది మ్యూరియెల్ భూతద్దం దించుతూ. "బేసి. మళ్ళీ ఓడిపోయారు సిరిల్."

సిరిల్ గాజు గొట్టంలోని మట్టిజెర్రిని ఎగాదిగా చూసి పార అందుకున్నాడు.

షెఫీల్డ్ కొండవాలు మీద ఆ అద్దె తోటలవాళ్ళకి ఇదో సరదా. గుడ్ ఫ్రైడే నాడు బంగాళాదుంపలకి చాళ్ళు తవ్వుతుంటే మొదట బయటపడ్డ జెర్రికి కాళ్ళ జతలు సరా, బేసా అని పందెం. ఓడినవాళ్ళు వేసవిదాకా ప్రతి శనివారం గెలిచినవాళ్ళ మడి తవ్విపెట్టాలి. సిరిల్ పదకొండేళ్ళుగా మ్యూరియెల్‌తో పందెం కాసి సరి అంటూనే ఉన్నాడు, ఓడుతూనే ఉన్నాడు. ఈయన తలకాయలో ఉన్నది కూడా మట్టేనా అని పక్క మడులవాళ్ళు ఆటపట్టించేవారు.

అసలు సంగతి మ్యూరియెల్‌కి తెలుసు. ఈ జెర్రికి సరి జతలు ఉండనే ఉండవు. లైబ్రరీలో పనిచేసే చెల్లెలు మొదటి ఏడే ఫోనులో చెప్పింది. అయినా ఈవిడ పెదవి విప్పలేదు. మొగుడు పోయాక వారంలో ఆమెకి రోజంటూ ఉంటే అది శనివారమే. ఫ్లాస్కులో టీ, అల్లం కేకు, ఆయన చెప్పే కోతలు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మట్టి పిసకడానికి లిప్‌స్టిక్ వేసుకుని మరీ వచ్చేది.

ఈ ఏడు చిక్కొచ్చిపడింది. సిరిల్ మడి నిండా కలుపేననీ, నెలాఖరులోగా తవ్వకపోతే లాగేసుకుంటామనీ సంఘం కార్యదర్శి బ్రెండా పొద్దున్నే చెప్పిపోయింది. మ్యూరియెల్ మడి తవ్వీ తవ్వీ ఆయనకి ఈ గతి పట్టింది. నిజం చెబితే ఆయన మడి దక్కుతుంది. కానీ ఇక ఈవిడ మొహం చూస్తాడా? ఆ కంగారులోనే మ్యూరియెల్‌కి నవ్వు కూడా తన్నుకొచ్చింది.

"పార కింద పెట్టండి," అంది. "నేను మిమ్మల్ని మోసం చేశాను. ఈ జెర్రుల్లో ఒక్కదానికీ సరి జతలుండవు. నాకు మొదటినుంచీ తెలుసు."

"ఎవరు చెప్పారు?"

"మా చెల్లెలు. ఏదో పుస్తకంలో ఉందట. తిడితే తిట్టండి గానీ, శనివారాలు రావడం మాత్రం మానకండి."

సిరిల్ మొహం చెవులదాకా ఎర్రబడింది. పార మట్టిలో గుచ్చి, మెల్లగా టోపీ తీశాడు.

"ఆ పుస్తకం రాసింది నేనే," అన్నాడు.